ఆరో అంకె

హలో… ఆ, నేనే. పొద్దటి సంది నీ ఫోన్‌కు ఆరంకెల మెసేజ్‌లు వస్తున్నయి గదా… అవి పంపిస్తున్నది నేనే.

…

లేదు లేదు, బ్యాంకు కాదు. పైసల సంగతే కాదు. కట్ చెయ్యకు… జర ఆగు, నందినీ.

…

మౌనికను. తిరుమలగిరి హాస్టల్… తొమ్మిది, పది… నీ పక్క మంచం.

…

…

ఉన్నవా?

…

ఆ. మిర్యాలగూడల ఉంటున్న. కొత్త నంబర్ కాదు, మూడేండ్ల సంది నాదే. నీకు తెల్వదు, గంతే. మీరు… నువ్వు… ఏమనాల్నో తెలుస్తలేదు నాకు. నువ్వనే అంట, సరేనా?

…

చెప్త. తొందరగనే చెప్త. డ్యూటీల ఉన్నవా? … సూర్యాపేటల్నేనా? … ల్యాబ్‌లనా! రక్తం జూస్తే కండ్లు తిరిగి పడేదానివి గదనే నువ్వు!

…

సరే. సరే, విను.

మన హాస్టల్ బడి వాళ్లకు వెబ్‌సైట్ ఉన్నది గదా. మధ్యల చదువు ఆపినోళ్లు మళ్ల టెన్త్ రాయాలంటే అండ్ల పేరు ఇయ్యాల్నట. నేను ఇద్దామనుకున్న. ఇయ్యాల ఐదు దాకనే. ఐదు దాటితే మళ్ల వచ్చే ఏడే. ఇప్పుడు నాలుగూ ఇరవై.

…

ఇచ్చేదాన్నే. కని పాస్‌వర్డ్ ఒక్కటి కొడితే సాలదట. ఫోన్‌కు ఒక కోడ్ పంపుతరు, అది గూడ కొడితేనే నేను నేనే అని నమ్ముతదట. పొద్దటి సంది ఫోన్ చేతుల పట్టుకొని కూసున్న. రాదు. మళ్ల ఒత్తిన, రాదు. సిగ్నల్ లేదేమోనని బిడ్డను సంకలేసుకొని డాబా ఎక్కిన. ఆడ గూడ రాలే. ఆఖరుకు జూస్తే కింద చిన్నగ రాసి ఉన్నది… చివర ఎనభైమూడు ఉన్న నంబర్‌కు పంపినం అని.

…

ఆ. నీదే. పదిల చేరిననాడు ఫారంల ఫోన్ నంబర్ కాడ మీ ఇంటిదే రాసినం గదా. మా తండాల సిగ్నల్ ఎక్కడుండె. మీ అమ్మకు ఫోన్ వస్తే, నువ్వు ఇంటికి పోయొచ్చినప్పుడు నాకు చెప్పేదానివి.

…

యాడ రాసుకోలే. నోటికే ఉన్నది. … ఆరేండ్లయింది, మీ ఇంటి నంబరే నువ్వు వాడుతున్నవ్, మార్చలే గదా.

…

సరే, ఎందుకు మార్చలేదో అడగను.

ఆ మెసేజ్ ఒక్కసారి సదివి చెప్పు నందూ. పది నిమిషాలల్ల ఖతం అయితదట అది. తప్పు కొడితే గూడ భయమే, మూడుసార్లు తప్పితే రేపటి దాక తాళం పడుతదట.

…

తెల్సు. ఎవ్వరికి చెప్పొద్దనే రాస్తరు. … నిజమే. నేనైనా చెప్పకపోదును. … గొంతు గుర్తుపడుతలేవా?

…

అడుగు. నేనే అని ఎట్ల నమ్ముతవో అట్లనే అడుగు.

…

ఆయమ్మ పేరా? కాటమ్మ. పప్పుల నీళ్లు పోసి, గరిట లోతుకు పెట్టి నీకొక్కదానికే గట్టిది తీసేది. నీది కోదాడ దిక్కు మాట అని, అండి అండి అంటవని, నువ్వంటే పానం ఆమెకు.

…

నా పెట్టెనా? నీలం రంగు రేకుపెట్టె. తాళం పోతే తీగ చుట్టినం. నేను కాదు, నువ్వే చుట్టినవ్. యేలు కోసుకపోయింది నీకు. … ఇగ నమ్మినవా?

…

ఇంకోటా? అడుగు.

…

…

అదా అడుగుతున్నవ్.

…

లేదు, మర్చిపోలే. … ఆగు, బిడ్డ కదిలింది… పండుకో, పండుకో… ఆ.

…

స్పీకర్‌లనే ఉన్నది. ఆ పేజీ తెరిచి పెట్టుకోవాలె గదా, కాల్ యాడ కట్ అయితదోనని చెవి కాడికి గూడ తీస్తలేను. ఎవ్వరు లేరులే. మా ఆయన బాలాజీ రైస్ మిల్లుకు పోయిండు. పక్క గదోళ్లు ఖాళీ చేసి రెండు నెలలాయె. మా తండా మాట మాట్లాడేది ఈ బిడ్డతోనే, దానికి మూడేండ్లు. ఒక్కోనాడు కూరగాయలామె రాకుంటే పెద్ద మనిషి గొంతే ఇనను. గట్టిగ చెప్పినా ఇనేటోళ్లు లేరు.

చెప్త.

ఆఫీసర్ సార్లు వచ్చిన దినం. వార్డెన్ మేడం రూముల. మా నాయిన కుర్చీల కూసున్నడు. నువ్వు తలుపు కాడ నిలబడ్డవ్. నీకు లగ్గం చేస్తున్నరట, ఈ పిల్ల చెప్పింది, నిజమేనా అమ్మా అని అడిగిన్రు నన్ను. నేనన్నా…

…

అంటున్న, ఆగు. నేనన్నా… లగ్గం లేదు సార్, నందిని అబద్ధం చెప్తున్నది. నాకు ఎక్కువ మార్కులొస్తున్నయని కుళ్లుకుంటున్నది. … గదే మాట. ఒక్క అక్షరం తేడా లేదు.

…

…

మా నాయిన చెప్పమన్నడు. … కాదు. ఆగు, ఆగు. నాయిన చెప్పమన్నది లగ్గం లేదనే. కుళ్లు అన్న మాట నేనే కలిపిన. ఎవ్వరు చెప్పలే. నా నోటికే వచ్చింది.

…

పదిహేను దినాలకు లగ్గం చేసిన్రు. మోతె దిక్కు మా మేనత్తోళ్ల ఇంటికాడ. నీకు తెలిసే ఉంటది.

…

ఏడుస్తలేను. తప్పయింది నందూ. గింత మాట నీకు చెప్పెటందుకు ఆరేండ్లు పట్టింది. పొద్దుగాల రెండుసార్లు తెల్వకనే ఒత్తిన. ఎనభైమూడు అని జూసినంక తెల్సే ఒత్తిన, ఇంకో రెండుసార్లు. నా నంబర్ నీ కాడ లేదని తెల్సి గూడ, ఎవరని నువ్వే చేస్తవేమోనని జూసిన. చెయ్యకపోతివి.

…

హలో?

…

చెప్తవా? ఆగు ఆగు, పాతయి పనిచెయ్యవు. కొత్తది ఒత్తుతున్న… వచ్చిందా? … నాలుగు… సున్నా… తొమ్మిది… మళ్ల తొమ్మిదా? రెండు తొమ్మిదులా? … రెండు… ఐదు. మళ్లొక్కసారి చెప్పు, భయమైతున్నది. … ఆ. గంతే కొట్టిన.

తిరుగుతున్నది… ఇంక తిరుగుతున్నది…

వచ్చింది! నందూ, నా పేరొచ్చింది! ఫోటో గూడ ఉన్నది. రెండు జడలు, నువ్వే ఏసినయి గదా ఆ దినం… ఒకటి పైకి ఒకటి కిందికి.

…

నవ్వినవా? … నవ్వలేదా, సరే.

పేరు ఇయ్యి అని ఉన్నది… ఒత్తిన. … అయింది. ఏదో నంబర్ ఇచ్చింది. నాలుగూ నలభై అయితున్నది. అమ్మయ్య.

…

ఇన్నేండ్లకు ఎందుకంటే… బిడ్డను బడిల ఏద్దామని ఫారం తెచ్చిండు మా ఆయన. తండ్రి చదువు కాడ ఇంటర్ అని రాసిండు. తల్లి చదువు అన్న కాడ ఒక గీత గీసిండు. తప్పేం లేదు, ఇంకేం రాస్తడు మరి. ఆ గీత జూసిన, గంతే.

…

బిడ్డ పేరా? నీరజ. … ఆ, మంచిగనే ఉన్నది. నిన్న జర ఒళ్లు ఎచ్చగుండె, ఇయ్యాల తగ్గింది. నూరు దాటితేనే దవాఖానకు పోవాల్నా, ముందే పోవాల్నా? … ఆ. సరే. గిట్ల అడిగెటందుకు గూడ ఎవ్వరు లేరు నాకు.

…

ఉండు, ఇంకోటి అడుగుతున్నది. ముంగట ఎప్పుడు లోపలికి పోయినా కోడ్ ఏ నంబర్‌కు పంపాలె అని. ఉన్నదే ఉంచాల్నా, మార్చాల్నా అని.

…

ఆ… నిజమే. నీకెందుకు పరేషాన్. డ్యూటీల ఉంటవ్, మాటిమాటికి నీకెందుకు. … నా నంబరే పెడుత. … ఆ, కొట్టిన. మారింది. ఇగ నీకు రాదు.

…

సరే మరి. పైలం. మీ అమ్మకు చెప్పు, నేను అడిగినా అని.

…

ఫోన్ నువ్వే పెట్టు. లేదు, నువ్వే…

…

ఏంది?

…

మళ్ల వచ్చిందా? ఆరంకెలదేనా?

…

బిడ్డ లేసి ఒత్తిందేమో…

…

ఆ. నిజమే, ఇంక పండుకొనే ఉన్నది.

…

నేనే ఒత్తిన. మార్చలే నందూ. నీదే ఉంచి, బయటికొచ్చి మళ్ల ఒత్తిన. … ఏమో. పెట్టేస్తున్నవ్ గదా. రేపటి సంది ఏం పేరు జెప్పి చెయ్యాలె నీకు? ఊరికెనే చేస్తే ఎత్తుతవా? … టైంటేబుల్‌కు ఒకసారి, హాల్ టికెట్‌కు ఒకసారి… మొత్తం గలిపి నాలుగైదు సార్లకంటె ఎక్కువ రాదే నీకు.

…

తిట్టు. పడుత.

…

…

చెప్తవా? … మెల్లగనే చెప్పు, ఇప్పుడు తొందరేం లేదు. ఒకటి… ఎనిమిది… ఎనిమిది… మూడు… ఆరు…

ఆ, ఇంకోటి?

…

ఐదే చెప్పినవ్. ఆరుండాలె.

…

రేపా?

…

పది నిమిషాలల్ల పోతదే పిచ్చిదానా. రేపటికి అది పనిచెయ్యదు.

…

…

సరే. రేపే చెప్పు. ఎన్నింటికి చెయ్యాలె? … రెండింటికి. నువ్వు తిన్నంక. … ఆ, క్యాలెండర్ మీద రాసిన, ఐదంకెలు. ఆరోదాని కాడ గీత గీసి పెట్టిన.

…

హలో? … పెట్టేసినవా, నందూ?