మందెయ్యని బెల్లం

ఎర్నాయుడని మా బావ, మా అప్ప నరసాయమ్మ మొగుడు. బెల్లం వండడంలో ఆడి సేతికి సాటి నేదనుకోండి. మరుగుతున్న పాకం కాసింత నీల్లలో ఏసి, ఏల్లతో ఉండ సుట్టి, 'దించండ్రా' అన్నాడంటే పెనం దించాల్సిందే. ఏమైందంటే, ఆడికి సుగరొచ్చింది. ఆస్పత్రి నర్సమ్మ ఊల్లోకొచ్చి రగతం సూసి, నాయుడుగారూ, ఇంక పంచదారా ఒద్దు, బెల్లమూ ఒద్దు అన్నాదంట. పంచదారకి బుర్రూపినాడు. బెల్లమనేసరికి రోసమొచ్చీసింది. ఓలమ్మ, బెల్లమేటి సేసిందమ్మా? అమ్మే బెల్లానికి రంగు రావాలని మనం మందు కలుపుతాం కదా, సెడుపంతా దానిదే, సెరుకుదేటి తప్పు? అన్నాడు. అనీసి ఇంటికోసం మందెయ్యకుండా ఒక పెనం యేరేగా వండీసినాడు. నల్లగా, కమ్మగా ఉందిలెండి. అప్ప పొద్దున్నా సాయంత్రం టీలో అదే ఏసి ఇచ్చీది. నానొద్దన్నానా? నేదు. 'నాకూ ఓ దిమ్మ ఉంచు బావా' అన్నాను, సిగ్గునేకుండా.

ఏడాది తిరిగీసరికి కాల్లు తిమ్మిర్లన్నాడు. 'కాలినుంచి సెప్పు జారిపోతే తెలవడం నేదురా' అని నవ్వినాడు, నానూ నవ్వినాను. అలగుండగా ఒకరోజు పెనం దించుతుంటే పాకం తొలికి ఎడం పాదమ్మీద పడింది. మీకూ నాకూ ఐతే పేనం పోయినట్టు అరుస్తాం కదా? మా బావ దిమ్మలు పోసుకుంటూనే ఉన్నాడు, సూసుకోండి! అప్ప సూసి కెవ్వుమన్నాది. ఆ పుండు మానితేనా? ఆస్పత్రికి తీసుకెల్తే మోకాలి కిందకి కాలు తీసీసినారు. నాను నర్సమ్మకాడికెల్లి, మందెయ్యని బెల్లమే తిన్నాడమ్మా, మరిదేటి అన్యాయం అని ఏడిసినాను. ఆయమ్మ, బెల్లమైనా తేనైనా ఒంట్లోకెల్తే సుగరు పెరుగుద్దయ్యా, అందులో మందుందో నేదో రగతానికేటి తెలుసు, ఆయనకి అప్పుడే సెప్పినాను కదా అన్నాది. సెప్పింది, నిజమే. 'తినకు బావా' అని నాను ఒక్క మాట అనుంటే ఇనీవోడు. నా మాటంటే ఇనీవోడండీ ఆడు.

ఇప్పుడూ బావే వండుతున్నాడు, పీటేసుకుని కూకుని. మొన్న టౌన్నుంచి ఒకాయనొచ్చి, నల్లబెల్లం సుగరోలికి మంచిదంట కదా, ఉందా అనడిగినాడు. బావ పంచె పైకెత్తి సూపినాడు. ఆయన అయ్యో పాపం అన్నాడు, నిలబడి రెండు నిమిసాలు బాధపడ్డాడు కూడా. పడి, ఐతే కొంచెం కొంచెమే తింటాన్లే, రెండు కిలోలు తూయండన్నాడు. బావ మొకం తిప్పుకున్నాడు. తూసింది ఎవురనుకున్నారు? నానే.