ఇరవై మూడో ఫ్రేము

1986 మార్చి. నరసరావుపేటలో ఒక కాలేజీ ఫోటో క్లబ్బు గది. రేపు పొద్దున ప్రదర్శన. ప్రతి ఫోటో కిందా ఒక కాగితం అంటించాలని మాస్టారి ఆర్డరు. అందులో మూడు గళ్ళు: ఎట్లా తీశావు, ఏం నేర్చుకున్నావు, ఏం పొరపాటు చేశావు. షబ్బీరుకు ఆ మూడో గడితోనే పని.

"చదువు నారాయణా. ముందు నీ క్లోజప్పు."

"ఎండు మిరపకాయ, తొడిమ మీద చీమ. 'జానెడు దూరం నుంచి తీశాను. నేను ఊపిరి బిగబట్టాను. చీమ బిగబట్టలేదు. అందుకే అది మసకగా పడింది.'"

"మాస్టారు తంతాడు."

"తన్నితే తన్నాడు. నిజం రాయమన్నాడుగా. ఏం నేర్చుకున్నావు అన్న గడిలో, 'మిరపకాయ పట్టుకున్న చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు' అని రాశా. నీది చదువు షబ్బీరూ."

"దుర్గిలో రాతిబొమ్మలు చెక్కే ఆయన చేతులు. 'ముందు ముఖం తియ్యబోయాను. నా ముఖంలో ఏముంది, చేతులు తియ్యి, తిండి పెట్టేది అవే అన్నాడు. చేతులు తీశాను.'"

"పొరపాటు?"

"'ఆయన చెప్పేదాకా ఆ సంగతి నాకు తెలియకపోవడం.'"

"ఫోటో కింద కాగితం రాయమంటే ఉపన్యాసం రాస్తావు నువ్వు. సరే, ఇది నా యాక్షన్ ఫోటో. ఎడ్లు బండ లాగేది. 'సెకనులో అయిదు వందలో వంతు. ఎద్దు కాలు గాల్లో ఆగింది.' పొరపాటు, 'కాలు చూసి మురిసిపోయి తల కోసేశాను.' ఎద్దుకి తలకాయ లేదు చూడు. బాగుందా?"

"బాగుంది."

"నవ్వవేందిరా?"

"నా యాక్షన్ ఫోటోకి కాగితం చదువుతా, విను."

"ఏది? కబడ్డీదా?"

"కబడ్డీది కాదు. బల్ల మీద బోర్లా పెట్టా చూడు, పెద్దది. తిప్పు."

"...ఇది పెట్టమాక."

"మాస్టారు పెట్టమన్నాడు."

"మాస్టారిదేం పోయింది? చచ్చిన మనిషిరా. పైగా మీ మామ లోపలున్నది దీనివల్లేగా. సోమవారం కేసు బెయిలుకి వస్తదంటున్నారు. ఇప్పుడు దీన్ని గోడకి తగిలించి..."

"అందుకే తగిలిస్తున్నా. విను. 'జనవరిలో, మిరపకోత కూలి పెంచమని కృపానందం తీసిన ఊరేగింపు. సెకనులో రెండు వందల యాభయ్యో వంతు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి గొడ్డలి ఎత్తాడు. నేను నొక్కాను. నొక్కిన క్షణంలో కెమెరాలో అద్దం పైకి లేచి లోపల చీకటి అవుతుంది. అందుకని ఆ దెబ్బ నేను చూడలేదు. కెమెరా చూసింది.'"

"చాల్లే ఇంక."

"'కన్ను తీసేసరికి కృపానందం కింద ఉన్నాడు. అప్పుడు నేను చేసిన పని, తర్వాతి ఫ్రేముకి ఫిల్ము తిప్పుకోవడం.'"

"అదెందుకు రాశావు? ఎవరన్నా అడిగారా నిన్ను?"

"రెండో గడి నారాయణా. ఏం నేర్చుకున్నావు అని అడిగారు."

"మరి పొరపాటు గడి ఖాళీగా ఉందే."

"దాని కోసమే నిన్ను రమ్మన్నా."

"దీంట్లో పొరపాటేముంది? గొడ్డలి ఎంత మెరుస్తుందో చూడు. జిల్లాలో ఎవడూ తియ్యలా ఇట్టాంటిది."

"పొరపాటు మా అమ్మ చెప్పింది."

"హమీదా పిన్నా? ఆమెకేం తెలుసు ఫోటోల సంగతి?"

"జాకెట్లు తెలుసు. ఇరవై ఏళ్ళ నుంచి కుడుతుంది. నిన్న ఈ ప్రింటు వంకర పోయిందని బరువు కింద పెట్టటానికి ఇంటికి పట్టుకెళ్ళా. చూసింది. తమ్ముణ్ణి జైల్లో పెట్టించిన ఫోటో, చింపుద్దేమో అనుకున్నా. చింపలా. ఏడవలా. వెనకాల బుట్ట పట్టుకుని నిలబడ్డ ఆమె ఎవరు అనడిగింది. నారాయణ వాళ్ళ ఊరి వెంకాయమ్మ అన్నా."

"అయితే?"

"ఆమె పైట కుడి భుజాన ఎందుకేసుకుంది అంది. చూడు. దగ్గరగా పెట్టుకుని చూడు."

"ఏసుకుంటే ఏసుకుంది. కుడిపైట ఏసుకునేవోళ్ళు లేరా? కొన్ని కులాల్లో ముసలోళ్ళు..."

"మీ వెంకాయమ్మ ఏ భుజాన వేస్తది?"

"ఆడోళ్ళ పైటలు చూసుకుంటా తిరుగుతానా నేను?"

"మీ ఇంట్లో పన్నెండేళ్ళు వంట చేసిందిరా ఆమె. నీకు అన్నం కలిపి పెట్టింది."

"గుర్తులేదు."

"నాకూ గుర్తులేదు. అందుకని పొద్దున మొదటి బస్సుకి మీ ఊరు పోయొచ్చా."

"మా ఊరా? ఎందుకు పోయావు? మా అన్న చూశాడా నిన్ను?"

"చూస్తే ఏం?"

"ఏం లేదు. ఊళ్ళో అంతా ఎట్టా ఉందో తెలుసుగా నీకు. ఊరికే అడిగా."

"మీ అన్న కనపళ్ళా. వెంకాయమ్మ మీ చేలో ఉంది, కాయ కోస్తుంది. ఆ రోజు ఏం చూశావు పెద్దమ్మా అన్నా. ఏం చూళ్ళేదు నాయనా అంది. నాలుగుసార్లు అడిగా. నాలుగుసార్లూ చూళ్ళేదంది. ఊరంతా నిలబడి చూసింది, ఊళ్ళో ఒక్కడూ చూళ్ళా. సరేలే అని లేచా. పైట మాత్రం ఎడమ భుజానే ఉంది. చుట్టూ పాతికమంది ఆడోళ్ళు. అందరికీ ఎడమ భుజానే ఉంది."

"షబ్బీరూ..."

"ఫోటో తిరగబడింది నారాయణా. అద్దంలో చూసినట్టు. కుడి ఎడమయింది, ఎడమ కుడయింది. ఆ గొడ్డలి ఎడం చేతిలో లేదు. కుడి చేతిలో ఉంది. పోలీసులకి మనం ఇచ్చింది ఈ మొత్తం ఫోటో కాదు, ఆ రోజే దీంతో పాటు వేసిన ఇంకోటి. చెయ్యీ గొడ్డలీ వరకే కోసి, పెద్దది చేసి ఇచ్చాం. దాంట్లో వెంకాయమ్మ లేదు, పైటా లేదు. ఎడం చేతివాటం మనిషి ఎవడ్రా ఊళ్ళో అన్నారు. ట్రాక్టర్లు బాగుచేసే మా మౌలాలీ మామ. ముందురోజు షెడ్డు ముందు మైకు కట్టారని కృపానందంతో అరుచుకున్నాడు కూడా. ఇంకేం కావాలి వాళ్ళకి? ఈ చేత్తోనే గదరా నరికావు అని ఆ చెయ్యే విరగ్గొట్టారు. మొన్న జైలుకి ములాఖత్తుకి పోతే గ్లాసు కుడి చేత్తో పట్టుకున్నాడు. సగం నీళ్ళు చొక్కా మీదే."

"నాకు చెప్పలేదు ఈ సంగతి."

"చెప్తే ఏం చేసేవాడివి? ఆ ఫోటో స్టేషనుకి తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. నా రెండు చేతులతో. కృపానందాన్ని చంపినోణ్ణి పట్టిస్తున్నా అనుకున్నా. పట్టించా, మా అమ్మ తమ్ముణ్ణి."

"నీ తప్పేముంది అందులో?"

"ప్రింటు తీసింది ఎవరు నారాయణా?"

"ఇద్దరం ఉన్నాంగా."

"నేను మెట్ల మీద కూర్చుని వాంతులు చేసుకుంటున్నా. డార్క్‌రూములో ఉంది ఎవరు?"

"నేనే. సరే, నేనే తీశా. కంగారులో నెగటివు తిరగేసి పెట్టుంటా. ఎవరు పెట్టరు? నువ్వు పెట్టలా? గడియారం స్తంభం ఫోటోలో నాలుగింటిని ఎనిమిది చేశావు. క్లాసంతా నవ్వలా?"

"నవ్వారు. అప్పుడేగా మాస్టారు చెప్పింది. చీకట్లో తెలియకపోతే పెదవి తడి చేసుకుని ఫిల్ము అంచు ఆనించు, అంటుకునేది మసక వైపు, దాన్ని కిందికి పెట్టు అని. ఆ తర్వాత నువ్వు ఎప్పుడన్నా పెదవికి ఆనించకుండా పెట్టావా? మిరపకాయ ఫోటోకి కూడా ఆనించావే."

"ఆ రోజు ఆనించానో లేదో. గుర్తులేదు."

"సరే. కంగారే అనుకుందాం. నెగటివు తీసి మళ్ళీ సరిగ్గా ప్రింటు వేద్దాం. సోమవారం కోర్టులో పెడదాం."

"నెగటివు మాస్టారి బీరువాలో ఉంటది. ఆయన గుంటూరు పోయాడు."

"బీరువా తాళాలు రెండే, రెండూ మనకే ఇచ్చి పోయాడు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. తీశా. ఇదిగో కవరు. చూసుకో. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై నాలుగు. మధ్యలోది కత్తెరతో కోశారు. ఎంత నీటుగా కోశారో."

"నేను కాదు."

"తాళం నాది కాకపోతే నీదేగా నారాయణా."

"మా అన్న అడిగాడు."

"ఎప్పుడు?"

"కేసు కోర్టుకి పోద్దని తెలిసినాక. అసలు ఫిల్ము ఏడుంది, తెచ్చివ్వు అన్నాడు. ఎందుకన్నా అన్నా. నా మొహం చూసి ఊరుకున్నాడు. మళ్ళీ అడగలా నేను."

"ఇచ్చావా?"

"పొయ్యిలో వేశాడు. నా ముందే. ఇంత ముక్క, ఎంత వాసనొచ్చిందో. మా అమ్మ ఏందిరా ఆ కంపు అంది. దువ్వెన కాలిందన్నాడు."

"అంటే ఆ కుడి చెయ్యి మీ వెంకటేశ్వర్లు అన్నది."

"నేనా మాట అనలా."

"అనమాక. నేను అడగట్లా. వకీలు దగ్గరికి పోయే వచ్చా ఇటు. ఆయన ఏమన్నాడంటే, నెగటివు లేకపోయినా నిలబడొచ్చు. ఈ పెద్ద ప్రింటు ఉంది, పైట ఉంది. ప్రింటు వేసినోడు నేనే తిరగేసి వేశానని రాసి సంతకం పెట్టాలి, అడిగితే జడ్జి ముందు చెప్పాలి. మీ అన్న పేరు అక్కర్లా. ఎవరి పేరూ అక్కర్లా. మూడే మూడు వాక్యాలు."

"నేనింక ఊరెళ్ళగలనా అది రాసి?"

"మా మామ ఊరెళ్ళినా ఆ చేత్తో పానా పట్టుకోగలడా?"

"నన్ను చంపుతాడురా అన్న."

"చంపుతాడేమో. కృపానందాన్ని చంపినప్పుడు ఊళ్ళో పెద్దోళ్ళంతా ఏమన్నారు? కూలోళ్ళ మధ్య గొడవ అన్నారు. ఇప్పుడు మౌలాలీ జైల్లోనే పోతే ఏమంటారు? జబ్బు చేసింది అంటారు. అన్నీ మీ అరుగు మీద కూర్చునే అంటారు. నువ్వు రాస్తే ఒక్క అబద్ధమన్నా తగ్గుద్ది లోకంలో. రాయకపోతే లే, పో. ఈ ప్రింటు కూడా పట్టుకుపో. మీ ఇంట్లో పొయ్యి వెలుగుతానే ఉంటదిగా."

"ఆగరా. ఆగు. ఒక్క నిమిషం."

"ఆగా."

"ఆయన చెయ్యి నిజంగా లేవట్లేదా?"

"భుజం దాకా కూడా లేవట్లా. తలకి నూనె మా అమ్మ వెళ్ళినప్పుడు రాసొస్తది."

"...కాగితం ఇయ్యి."

"ఈ కాగితం మీదే రాయి. ఫోటో కింద అంటించేదే. మూడో గడి."

"మాస్టారి కాగితం కోర్టులో చెల్లుద్దా?"

"వకీలు చూసుకుంటాడు. గోడకి ఒకటి, కోర్టుకి ఒకటి రాయి. రెండింట్లోనూ ఒకటే ఉండాలి."

"చెప్పు."

"'నేను, బి.ఎస్సీ. రెండో సంవత్సరం లక్ష్మీనారాయణ, ఇరవై మూడో ఫ్రేము నెగటివును తిరగేసి పెట్టి ఈ ప్రింటు వేశాను.'"

"...వేశాను."

"'అందువల్ల కుడి చెయ్యి ఎడమ చెయ్యిగా పడింది.'"

"పడింది. రాశా."

"'ఇది కంగారులో జరిగిన పొరపాటు.' సంతకం, తేదీ. రాయి. ఆగావేం?"

"ఆ వాక్యం వద్దు."

"వకీలే చెప్పాడు నారాయణా. అది నీ మంచికే. కావాలని చేశావంటే నిన్ను కూడా లోపలేస్తారు. పొరపాటంటే ఎవడూ ఏమీ అనడు. అందరూ చేసేదే అని నువ్వే అన్నావుగా."

"అన్నా."

"మరి రాయి. టైము అవుతుంది, వకీలు కోర్టు నుంచి ఇంటికి పోతాడు."

"షబ్బీరూ, నెగటివు ఇంకా తడిగా ఉన్నప్పుడే చూశా నేను. లైటు ముందు పట్టుకుని. నెగటివులో నలుపు తెలుపవుద్ది, తెలుపు నలుపవుద్ది, ముఖానికి తువ్వాలు. అయినా ఆ భుజం తెలవదా నాకు? చిన్నప్పుడు జొరమొస్తే దాని మీదేసుకునేగా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు."

"ఏం చెప్తున్నావు?"

"పెదవికి ఆనించుకున్నా. ఒకసారి కాదు, రెండు వైపులా. అంటుకున్న వైపే పైకి పెట్టా."

"నారాయణా. అప్పుడు మీ అన్న కాదనిపించాలనే గదా చేశావు. అంతేగా. మా మామది ఎడం చేతివాటమని ఆ టైములో నీకు గుర్తురాలేదు గదా? గుర్తురాలేదని చెప్పు. నా కోసం కాదు, మా అమ్మకి చెప్పటానికి."

"అది గుర్తొచ్చాకే తిప్పి పెట్టా."