పత్తి ఏరే నెల

కల్వకుర్తిలో టీకొట్టు ముందు ఇద్దరు స్నేహితులు. ఒకడిది ఆ ఊళ్లోనే బట్టల దుకాణం, ఇంకొకడిది బల్మూరులో సేద్యం.

“నవంబర్ల దోస్తులందరం పోదాంరా. వానలు బంద్ అయితయి. లింగాల దిక్కు గుట్టలన్ని పచ్చగుంటయి. సైకిళ్లు తొక్కి తొక్కి రాత్రికి టెంటుల పంటే మస్తుంటది.”

“నవంబర్ల నాకు పత్తి ఏరుడుంటది. పోయినేడు గూడ గదే నెల పెట్టిర్రు.”

“మరెప్పుడంటవ్?”

“ఏప్రిల్ల. అప్పుడు నాకు చేన్ల పనుండదు.”

“ఆ ఎండల గుట్టలెక్కితే సస్తంరా!”

“అంటే నాకు పనున్న నెలనే మీకు మంచి కాలమా? నన్ను రావద్దని మొఖం మీదనే చెప్పరాదు?”

“గరం గాకు జర. నువ్వు రాకున్నా, పోయినేడు లెక్క నీ గేర్ల సైకిలన్న ఇయ్యి.”

“ఇయ్య. ఆ నెల నా సైకిల్ గూడ పత్తి ఏరుతది.”