తేడా లేదు

హెల్వాన్‌లో ఒక వంటగది. సాయంత్రపు అసర్ నమాజు ముగించుకుని వచ్చిన షుక్రీ, మొలోఖియా ఆకు వలుస్తున్న అతని భార్య ఇన్షిరాహ్. ఆమె అతన్ని పేరు పెట్టి పిలవదు, కూతురి పేరు కలిపి అబూ నదా, అంటే నదా నాన్న, అంటుంది.

"తేడా లేదన్నాడు డాక్టరు. ఎన్నిసార్లు చెప్పను?"

"ఇంకోసారి చెప్పండి. చెవులకి బాగుంది."

"నీ ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ ఉందట. పాత ఎక్స్‌రే ఫొటోలో ఎంతుందో కొత్తదాంట్లోనూ అంతేనట. పుట్టుకతో వచ్చిందై ఉంటుంది, భయం లేదన్నాడు."

"అల్‌హమ్దులిల్లా. మరి మీ మొహం ఎందుకలా ఉంది, అబూ నదా?"

"ఆఫీసు గొడవ. నీకెందుకు."

"చెబితే ఆకు త్వరగా వలుస్తాను."

"ఒక నక్షత్రం పేలింది. నేను చూళ్ళేదు."

"అంత పెద్ద టెలిస్కోపు, అదీ ఆకాశం మీదికెక్కి కూచుంది. దానికి కళ్ళజోడు పెట్టించండి."

"నవ్వకు. దానికి కనబడింది. నాకే..."

"మీకే?"

"అది ఆకాశమంతా ఫొటోలు తీస్తుంది. కోట్ల చుక్కలు. ఎవడు చూస్తాడు? అందుకని కొత్త ఫొటోలోంచి పాతదాన్ని తీసేస్తాం. రెండింట్లోనూ ఉన్నదంతా చెరిగిపోతుంది. మిగిలిందే కొత్తగా పేలింది. అది ఏ రకమో చెప్పడం నా పని."

"పప్పులో రాళ్ళేరినట్టు."

"అంతే. కానీ ఇది పాత ఫొటో తీసేనాటికే పేలిపోయి ఉంది. నిదానంగా మండే రకం. అప్పుడెంత వెలుగో తర్వాతా అంతే. తీసేస్తే ఏం మిగుల్తుంది? తేడా లేదని నా చేత్తోనే రాశాను. పదకొండుసార్లు."

"మరి ఇప్పుడెలా తెలిసింది?"

"ఆరిపోయింది కాబట్టి. పాతదాన్ని తీసేస్తే ఆ చోట నల్లటి గుంట పడింది. ఇక చూడ్డానికేం లేదు."

"ముందే తెలిస్తే ఆపేవారా?"

"నక్షత్రాన్నా? పిచ్చిదానా. దగ్గరుండి చూసేవాళ్ళం. అంతే... అదిగో, మళ్ళీ దగ్గు. నీళ్ళు తాగు."

"ఆకు నుసి లెండి."

"దేవుడు దాన్ని వెలిగించాడు. చూడమని నన్ను కూచోబెట్టాడు. నేను చూళ్ళేదు. మరి ఎందుకు వెలిగించినట్టు?"

"ఆయన చూశాడుగా. తప్పు, అలా అడక్కండి."

"అడగట్లేదు. ఊరికే అంటున్నా."

"షుక్రీ."

"ఊఁ? పేరు పెట్టి పిలిచావేం?"

"డాక్టరు పక్కన పెట్టుకుని చూసిన పాత ఫొటో ఏది?"

"ఇంకేది? పోయినేడు మనం ఉమ్రా యాత్రకి వెళ్ళేముందు తీయించుకున్నావే, అదే. నువ్వు రాయిలా ఉన్నప్పటిది."

"ఉమ్రాకి ఆ ఫొటో ఎవరడిగారు?"

"నువ్వేగా అడుగుతున్నారన్నావు. ట్రావెల్ వాళ్ళో ఎవరో... ఇన్షిరాహ్, ఆ ఆకు కింద పెట్టు. ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. నేనే తీయించుకుని, భయమేసి ఏ డాక్టరుకీ చూపించలేదు. అప్పటికే దగ్గితే రెండుసార్లు రుమాలు మీద నెత్తురు పడింది."