ఎనభై ఆరో మెట్టు

మంగళవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, పోలీసు స్టేషన్‌లో, ఇన్‌స్పెక్టరు గారి ఎదుట నేను చెబుతుండగా రైటరు గారు రాసుకున్నది.

నా పేరు పై వరుసలో రాసుకున్నారు. వయసు ఇరవై నాలుగు. చదువు లేదు. పని ఇస్త్రీ. కొండ మీద మా సొంత ఇంట్లో నా భర్త, మా అత్తగారు, నేను ఉంటాం. నా భర్త ఇళ్లకు రంగులు వేస్తాడు.

రోడ్డు తవ్వింది నేనే. నా భర్త తవ్వలేదు. తవ్వమని ఎవరూ చెప్పలేదు. ఈ మాట ఇన్‌స్పెక్టరు గారు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఇదే చెప్పాను.

మా కొండ మీద వీధులు లేవు. కింద రోడ్డు దగ్గర మొదలై పైన మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకు దాకా రాతి మెట్లు ఒకటే వరుస. ఇళ్లు అటూ ఇటూ ఉంటాయి. తలుపు నంబర్లు లేవు. ఏ ఇంటి గడప ఏ మెట్టుకు తగిలితే ఆ మెట్టు లెక్కే ఆ ఇంటి చిరునామా. ఉత్తరం మీదా అదే రాస్తారు, దస్తావేజులోనూ అదే రాస్తారు. హద్దులు చూద్దామంటే ఏ ఇంటికైనా వెనక బండే, ముందు మెట్లే.

మా ఇల్లు ఎనభై ఆరో మెట్టు, ఎడమ పక్క. నేను కాపురానికి వచ్చినప్పుడు అందులోనే ఒక గదిలో అద్దెకుండేవాళ్లం. ఇల్లు ఒక టైలరు గారిది. మోకాళ్లు అరిగిపోయి ఎక్కలేక అమ్మేస్తానన్నారు. అప్పట్లో కొండ మీద ఇల్లంటే జనం నవ్వేవాళ్లు, పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు. రెండేళ్ల కిందట మేం కొన్నాం. రాయించే ముందు టైలరు గారు మమ్మల్ని కింది మెట్టు దగ్గర నిలబెట్టి, "అమ్మాయ్, నువ్వు లెక్కపెట్టు. రేపు నేనుండను, నీ లెక్కే మిగులుతుంది" అన్నారు. నాకు నూరు వరకు లెక్క తప్పకుండా వచ్చు. మా ఇల్లు నూరు లోపే ఉంది. పైకి వినపడేలా లెక్కపెట్టాను. మా గడప దగ్గర ఎనభై ఆరు అన్నాను. టైలరు గారు కింద నిలబడే, "అంతే!" అని అరిచారు.

దస్తావేజు నా పేరునే రాయించారు. అక్కడ వేలిముద్ర వెయ్యకుండా సంతకం చేశాను. అంతకు ముందు నెల రోజులు నా భర్త రంగు కుంచెతో గది గోడ మీద నా పేరు రాసి పెట్టాడు. ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్లలో వేలు ముంచి, బల్ల మీద రాసి రాసి నేర్చుకున్నాను. ఆ గోడకు తర్వాత రంగేశాం. రంగు కింద నా పేరు ఇప్పటికీ ఉంది.

తర్వాత కొండకు మంచి రోజులొచ్చాయి. మా వాకిట్లో నిలబడితే ఊరంతా కనిపిస్తుంది. అది చూడటానికి కార్లలో రావడం మొదలుపెట్టారు. రోడ్డు వారనున్న మూడిళ్లు లాడ్జీలయ్యాయి. అందులో పెద్దది ముందంతా అద్దాలు పెట్టి కట్టారు. దాని యజమానిని మేమంతా అద్దాల మేడాయన అంటాం. ఎదుట అనం.

ఆయన కిందటేడాది ఎనభై రెండో మెట్టు ఇల్లు కొన్నారు. అది మా కింది ఇల్లు. గోడ చీలి, పైకప్పు సగం పోయింది. ఆ బేరం నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆయన పైకి రాలేదు. కారులోనే కూర్చున్నారు. బ్రోకరు ఎక్కి వచ్చి, మా ఇంటిని ఫోటో తీసి పట్టుకుపోయాడు. మాది నీలం తలుపు, నా భర్త వేసిన రంగు. బాగుందని తీసుకుంటున్నాడనుకుని నేను లోపలికి తప్పుకున్నాను. ఆయన అబద్ధమాడారని నేను చెప్పను. ఒక్కసారి మెట్లెక్కి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదని మాత్రం చెబుతాను.

నాలుగు నెలల కిందట కార్ల కోసం రోడ్డు వెడల్పు చేశారు. కంకర పోసి ఎత్తు పెంచి తారు వేశారు. కింది నాలుగు మెట్లు దాని కింద పడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. నాలుగు మెట్లు తగ్గాయని ముసలివాళ్లు సంతోషించారు కూడా.

కిందటి గురువారం ఉదయం పదిన్నరకు అద్దాల మేడాయన, ఆయన కొన్న ఇల్లు చూడటానికి వచ్చిన సర్వేయరు గారు మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి మా గడప దగ్గర ఆగారు. ఎనభై రెండు అన్నారు. అద్దాల మేడాయన బ్రోకరు ఇచ్చిన ఫోటో తీసి మా తలుపు పక్కన పెట్టి చూపించారు.

"ఏమ్మా, ఇది నా ఇల్లు. మీరెలా ఉంటున్నారు?" అన్నారు.

నా భర్త దస్తావేజు తెచ్చి చూపించాడు. సర్వేయరు గారు చదివి, "మీది ఎనభై ఆరు కదయ్యా. ఇంకా నాలుగు ఎక్కాలి" అన్నారు.

ఇంకా నాలుగెక్కితే మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకు ఉంది.

మా అత్తగారు బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "బాగుంది. ఇక ట్యాంకులో ఈత కొట్టుకుంటూ కాపురం చేద్దాం. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కొని చూడు అని ఎవరూ చెప్పలేదు నాయనా" అన్నారు.

నా భర్త నాలుగు మెట్లు రోడ్డు కింద పడ్డాయని చెప్పాడు. సర్వేయరు గారు మంచిగానే మాట్లాడారు. "కనపడని మెట్లు నేనెలా లెక్కపెట్టేది? నాలుగో, ఆరో, అసలు ఉన్నాయో లేదో. చూపిస్తే రాస్తాను. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నా నివేదిక వెళ్లిపోవాలి" అన్నారు.

అప్పుడు నేను మాట్లాడాను. నేను బయటివాళ్లతో మాట్లాడను. కొత్తలో కొండ మీద అందరూ నన్ను తలెత్తని పిల్ల అనేవాళ్లు. దీని నోట్లో నాలుక ఉందో లేదో పెళ్లిచూపుల్లో చూసుకోలేదని మా అత్తగారు నవ్వుతారు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని రోజుకు నాలుగుసార్లు దిగి ఎక్కుతాను. తలెత్తను కాబట్టి నాకు మనుషుల మొహాల కంటే మెట్లే బాగా తెలుసు. పదిహేడోది నిలువునా చీలింది. నలభై ఒకటోది కదులుతుంది. అరవయ్యోది మిగతా వాటి కంటే నల్లన.

"అయ్యా, నాలుగే ఉన్నాయి. మూడోదాని మీద కుడివైపు గుంట ఉంటుంది, నా బొటనవేలు పట్టేంత. కాపురానికొచ్చిన రోజు అందులోనే నా కాలు తట్టుకుంది" అన్నాను.

అద్దాల మేడాయన నవ్వి, "బొటనవేలు సాక్ష్యమా!" అన్నారు. సర్వేయరు గారు నవ్వలేదు. ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

శుక్రవారం, సోమవారం నా భర్త మున్సిపాలిటీకి వెళ్లాడు. రోడ్డు తవ్వడానికి అనుమతి కావాలంటే నెల పడుతుందన్నారు. మంగళవారం, అంటే ఈ రోజు, ఉదయం ఎనిమిదింటికి అతను పనికి వెళ్లాడు. కోర్టుకెళ్దాం, కంగారు పడకు అని చెప్పి వెళ్లాడు.

తొమ్మిదిన్నరకు నేను గునపం తీసుకుని కిందికి దిగాను. దాక్కుని చెయ్యలేదు. లాడ్జీల ముందు జనం ఉన్నారు. రోడ్డు వారన, మెట్లు మొదలయ్యే చోట తవ్వాను. తారు అంచు పలచగా ఉంది, పెళ్లలుగా లేచింది. కింద కంకర. ఎవరో, "ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగారు. "ఇల్లు" అన్నాను.

పదిన్నరకు మా అత్తగారు తట్ట పట్టుకుని దిగి వచ్చారు. ఆవిడ దిగి ఆరు నెలలైంది.

"మీరెందుకు అత్తమ్మా, మోకాళ్లు..." అన్నాను.

"నోరు మూసుకుని తవ్వు. ఇన్నాళ్లూ బాగానే మూసుకున్నావుగా" అన్నారు. కంకర తట్టకెత్తింది ఆవిడ. తవ్వలేదు. తవ్వింది నేనే.

పదకొండుంబావుకు నాలుగో మెట్టు తగిలింది. పన్నెండు గంటల నలభై నిమిషాలకు మూడోది పూర్తిగా బయటపడింది. కుడివైపు గుంట నిండా కంకర ఉంది. వేలితో తీసేసి, చెప్పు విడిచి, బొటనవేలు పెట్టి చూసుకున్నాను. పట్టింది.

అద్దాల మేడాయన ఫిర్యాదు చెయ్యడంతో ఒంటిగంటా పదిహేనుకు కానిస్టేబుల్ గారు వచ్చారు. మొదటి మెట్టు ఇంకా రాలేదు. స్టేషన్‌కు రమ్మన్నారు. ఇంకొక్క మెట్టుంది, వస్తానన్నాను. ఆయన గొయ్యిలోకి చూసి, లాడ్జీ ముందున్న గొడుగు నీడలో నిలబడ్డారు. రెండింటికి మొదటి మెట్టు కనిపించింది. దాని కింద మళ్లీ రాయి లేదు, మట్టే. అందరికీ చూపించాను.

రెండుంబావుకు, సంగతి తెలిసి సర్వేయరు గారు వచ్చారు. ముందు గుంటలో తన వేలు పెట్టి చూశారు. తర్వాత మొదటి మెట్టు నుంచి ఎక్కారు. అద్దాల మేడాయన కూడా వెంట ఎక్కారు. ఆయన మా మెట్లెక్కడం అది రెండోసారే, యాభై దగ్గర కూర్చుని నీళ్లడిగారు. మా పక్కింటివాళ్లు ఇచ్చారు. సర్వేయరు గారు కింది దాకా వినపడేలా చీలిన గోడ దగ్గర ఎనభై రెండు అన్నారు. మా నీలం తలుపు దగ్గర ఎనభై ఆరు అన్నారు. కింద నేను కానిస్టేబుల్ గారి పక్కన నిలబడి ఉన్నాను. టైలరు గారు గుర్తొచ్చి, "అంతే!" అని అరిచాను. నా గొంతు అంత ఉంటుందని నాకూ తెలియదు.

రోడ్డు తవ్వడం తప్పని తెలుసు. తెలిసే తవ్వాను. జరిమానా వేస్తే కడతాం. పూడ్చమంటే నేనే పూడుస్తాను. ముందు ఆ నాలుగు మెట్లూ ఫోటో తీయించి, ఈ కాగితాలతో కలిపి పెట్టమని మాత్రం కోరుతున్నాను.

ఇది నాకు చదివి వినిపించారు. ఒక చోట తప్పుంది. పై వరుసలో నా చిరునామా ఫిర్యాదులో ఉన్నట్టే ఎనభై రెండో మెట్టు అని రాశారు. మార్చమన్నాను. కేసుకు దానితో పనిలేదన్నారు రైటరు గారు. ఆ పనితోనే వచ్చానన్నాను. కొట్టేసి ఎనభై ఆరు అని రాశారు.

ఇందులో జరిగింది తప్ప కల్పించిన మాట లేదు. ఎవరి బలవంతమూ లేదు. రైటరు గారు వేలిముద్ర కోసం సిరా దిండు ముందుకు జరిపారు. అక్కర్లేదన్నాను. కింద ఒక సంతకం, దిద్దిన చోట ఒక సంతకం, రెండూ నావే.

(సంతకం)