పుస్తకంలో ఒక్క తప్పు

అశోక్ నగర్‌లో బీరయ్య టీ బండి, ఉదయం ఏడున్నర. ఒక బల్ల మీద ఇద్దరు: కోచింగ్ సెంటరు నడిపే జగదీశ్వర్, నిరుడు ఆయన తీసేసిన జీవశాస్త్రం టీచరు స్వర్ణ. ఆయన చేతిలో ఆయన పేరుతో అచ్చయిన పుస్తకం ఉంది. ఈ పూట కోసం స్వర్ణ ఏడాదిగా కాచుకుంది.

“ఏ పేజీ?”

“ముందు చాయ్ తాగుండ్రి సార్. చల్లగైతది.”

“నేను చాయ్ తాగడానికి రాలేదు స్వర్ణా. ఏ పేజీ?”

“బీరయ్యన్నా, సారుకు చక్కెర తక్కువెయ్యి.”

“‘పుస్తకంల ఒక తప్పు పెట్టిన, దేవులాడుకోండ్రి’ అని మెసేజ్ పెట్టావు. నాలుగు రోజులైంది. నాకు కంటి మీద కునుకు లేదు. ఆదివారం పరీక్ష. పిల్లలందరి చేతుల్లో ఇదే పుస్తకం.”

“అవును, మీ పుస్తకమే. అట్ట మీద మీ ఫోటో గూడ మంచిగొచ్చింది.”

“ఎగతాళి చెయ్యకు.”

“ఎగతాళేంది సార్? కోటు గూడ ఏసుకున్నరు గదా.”

“తప్పెక్కడుందో చెప్పు, చాలు. పిల్లల కోసమైనా చెప్పు.”

“పిల్లలు ఇప్పుడు యాదికొచ్చిండ్రా? సరే, పాఠం పేరు చెప్త. కణం పాఠంల ఉన్నది.”

“అది అరవై పేజీలు!”

“మీరు రాసిందేగా. చదువుకుంటే దొరుకుతది.”

“చదివాను. మూడుసార్లు.”

“దొరికిందా?”

“ప్రతి వాక్యమూ తప్పులాగే కనబడుతోంది.”

“సుహాసిని మేడముకు చూపియ్యకపోయిండ్రా? జువాలజీల పీహెచ్‌డీ. మీ సెంటర్లనే ఉన్నది.”

“ఆమెకెలా చూపిస్తాను? నా పుస్తకంలో తప్పు వెతికిపెట్టమని నేనే అడిగితే...”

“అడిగితే?”

“ఏమనుకుంటుంది?”

“మీరు రాయలేదనుకుంటది.”

“మెల్లగా మాట్లాడు. చుట్టూ మా స్టూడెంట్లున్నారు.”

“ఉన్నరు. అందుకే ఈ బండి కాడికి రమ్మన్న.”

“నీకేం కావాలి? మళ్లీ ఉద్యోగానికి రా. వీడియో క్లాసులు కూడా నీకే ఇస్తాను.”

“వీడియో క్లాసులా? ‘నోట్సు రాసిచ్చి వెనక కూర్చో, నీ యాస వింటే అడ్మిషన్లు పోతాయి’ అంటిరి. స్టాఫ్ రూముల, పది మంది ముంగట. అందరు నవ్విండ్రు. మీరు గూడ నవ్విండ్రు.”

“అప్పుడేదో నోరు జారింది.”

“ఎవరెవరు నవ్విండ్రో నాకు పేరు పేరున యాదున్నది సార్.”

“స్వర్ణా, దయచేసి...”

“ఒక పని చెయ్యుండ్రి. ఆ పాఠం మీ నోటితోని చెప్పుండ్రి. తప్పు కాడికొస్తే ఆగమంట.”

“ఇక్కడా?”

“ఇక్కడనే.”

“సరే. కణమంటే కడుతున్న బిల్డింగు. డీఎన్‌ఏ దాని నక్ష, అంటే ప్లాను. నక్ష ఇంజనీరు ఆఫీసు దాటి బయటికి రాదు. దానికి జిరాక్సు తీసి సైటు మీదికి పంపుతారు. ఆ జిరాక్సే ఆర్‌ఎన్‌ఏ. దాన్ని చూసి మేస్త్రి ప్రోటీను కడతాడు.”

“మేస్త్రి పేరు?”

“రై... రైబోసోము.”

“మంచిగ బట్టీ పట్టిండ్రు. మరి కంటి కణంల, కాలేయం కణంల ఒక్కటే నక్ష గదా. ఇది కన్నెందుకైంది, అది కాలేయమెందుకైంది?”

“ఎందుకు?”

“నన్నడుగుతరేంది? రాసింది మీరు.”

“అదే... నక్షలో ఏ పేజీ జిరాక్సు తీస్తారో...”

“ఆఁ. ఏ పేజీ తియ్యాలె, ఎన్ని తియ్యాలె, పనయినంక ఎప్పుడు చింపాలె. ఆ అదుపు మీదనే ఒళ్లంత నడుస్తది. సరే, ఇటుకలు తెచ్చే ఆడామె ఎవరు?”

“ఏ ఆడామె?”

“పుస్తకంల ఉన్నది సార్. నెత్తి మీద తట్ట. జిరాక్సుల ఏ ఇటుక ఉంటే గదే తెస్తది, ఇంకోటి తేదు.”

“టీ-ఆర్‌ఎన్‌ఏ. ఉదాహరణకి ఎవరో కూలీ మనిషిని...”

“ఎవరో కాదు. మా అమ్మ, నర్సింహమ్మ. పాలమూరు నుంచొచ్చి ఈ పక్క నారాయణగూడల ఎన్ని అపార్టుమెంట్లకు ఇటుకలు మోసిందో లెక్క లేదు. రాత్రి అన్నం తినుకుంట ఆమె పని ముచ్చట్లు చెప్తుంటే నేను రాసుకున్న. ఆ పాఠం మీద మీ పేరేసుకున్నరు.”

“నాకు తెలియదు స్వర్ణా.”

“తెల్వదు. మీరడగలే. చివరి ముక్క చెప్పుండ్రి. కణం చావు.”

“అది వద్దు.”

“ఎందుకొద్దు? మీకు బాగ నచ్చింది గదా. నన్ను తీసేసిన రోజు గదే చెప్తిరి.”

“అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్యి.”

“ఏమంటిరి?”

“స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు చెక్కలు తీసేస్తారు, అన్నాను.”

“ఇంక?”

“ఒళ్లు బాగుండాలంటే కొన్ని కణాలు చప్పుడు చెయ్యకుండా తప్పుకోవాలి, అన్నాను.”

“నేను రాసిన మాట. కడుపుల బిడ్డకు ముందుగాల వేళ్ల నడుమ తోలుంటది, ఆ తోలు కణాలు తమంతట తాము విప్పుకొని పోతెనే వేళ్లు విడివడతయి అని రాసిన. మీరు ఆ లైను మీద వేలు పెట్టి, ‘ఆ తోలు నువ్వే’ అంటిరి. నా మాటతోనే నన్ను బయటికి గెంటితిరి. ఇంటికి పోయి మూడు దినాలు అన్నం ముట్టలే నేను.”

“తప్పయింది. నిజంగా తప్పయింది.”

“పొమ్మన్నా పోని కణం, ఆగమన్నా ఆగకుండ పెరిగే కణం. దాన్ని ఏమంటరు సార్?”

“స్వర్ణా...”

“పుస్తకంల ఉన్నది.”

“క్యాన్సరు.”

“కరెక్టు. నేను పోలే సార్. ఈ గల్లీలనే ఉన్న.”

“ఏం గావాల్నో చెప్పరాదు! పొద్దుగాల పొద్దుగాల నా పానం తీస్తున్నవేంది!”

“యాసొచ్చింది సార్.”

“ఏంది?”

“మీ యాస. మీది ఏ ఊరు?”

“అచ్చంపేట దగ్గర.”

“అంటే మా దిక్కే! ఇన్నేండ్లు ఎట్ల దాచిండ్రు?”

“దాచకపోతే ఎవరింటరు? మన భాష...”

“మన అనకుండ్రి. నవ్విన రోజు మనది గాకపాయె.”

“సరే, నీ కాళ్లు మొక్కుమన్నా మొక్కుత. తప్పు చెప్పు.”

“కాళ్లొద్దు. పెన్ను తియ్యుండ్రి. మొదటి పేజీల రాయుండ్రి. ‘ఈ పుస్తకం రాసింది స్వర్ణ, నర్సింహమ్మ బిడ్డ. నేను రాయలేదు.’ కింద సంతకం.”

“అది రాస్తే నా సెంటరు మూతపడ్తది.”

“రాయకపోతే ఆదివారం పిల్లలు తప్పు రాసొస్తరు. ఏది ముద్దో చూసుకోండ్రి.”

“రాస్తే ఏ పేజీనో చెప్తవా?”

“మా అమ్మ మీద ఒట్టు. ఉన్నదున్నట్టు చెప్త.”

“ఇగో. రాసిన.”

“సంతకం?”

“పెట్టిన.”

“జర ఇటు తిప్పుండ్రి. ఫోన్ల ఫోటో తీసిన. పోయింది.”

“పోయిందా? ఎక్కడికి పోయింది?”

“మీ సెంటరు పిల్లల గ్రూపులకు. నన్ను అండ్లకెళ్లి ఎవరు తియ్యలే. అగో, ఆ బల్ల మీది పిల్లలు ఫోన్లు చూస్తున్నరు, చూడుండ్రి. మనదిక్కు తిరిగిండ్రు.”

“ఎంత పని చేసినవ్! సరే, నా గతి ఎట్లనన్న కాని. ముందు తప్పు చెప్పు. ఇప్పుడే పిల్లలకు చెప్పాలె. ఏ పేజీ?”

“ఏ పేజీల లేదు సార్. మీరే రాసుంటే తెలుస్తుండె.”