కామేశం గారి పొడి స్నానం

నరసరావుపేటలో పప్పు మిల్లు కామేశం గారిల్లు. ఆదివారం ఆయన షష్టిపూర్తి; ఇవాళ గురువారం. నాలుగు నెలల కిందట ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఊళ్ళోనే రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్న హిమబిందు బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి ఉంది. మామగారు లోపల ఉన్నారు.

"మామయ్యా, ఆ నీళ్ళు మీ మీద పడట్లేదు."

"పడుతున్నయ్యమ్మా! చప్పుడు వినపడట్లా?"

"అది బండ మీద పడే చప్పుడు. మనిషి మీద పడితే వేరేగా ఉంటది. మీ అబ్బాయి పోసుకుంటుంటే రోజూ వింటాగా."

"రోజూ వింటావా?"

"...ఆ సంగతి వదిలేయండి. మీ సబ్బు చూశాను. నేను కాపురానికొచ్చిన రోజు విప్పింది. దాని మీద అక్షరాలు ఇంకా అట్లనే ఉన్నయ్."

"నేను... సున్నితంగా రుద్దుకుంటానమ్మా."

"మామయ్యా, రిపోర్టొచ్చింది."

"ఏ రిపోర్టు?"

"డాక్టరు గారు రాస్తే నేనే రక్తం తీసి హైదరాబాదు పంపలా? అది. మామయ్యా, నేను చేరినాక మా ల్యాబులో ఇట్లాంటిది రావటం ఇదే మొదలు! జాక్ టూ పాజిటివ్! పుస్తకంలో చదవటమే కానీ..."

"ఏందమ్మా, నేనేదో పరీక్ష పాసైనట్టు చెప్తున్నావు?"

"సారీ. సంతోషం కాదు. అంటే కాస్త... కాదులెండి. మీ హిమోగ్లోబిన్ పందొమ్మిదిన్నర."

"పందొమ్మిదిన్నరా! మీ నాన్నకెంత?"

"మా నాన్నకు పదమూడు."

"చూశావా! అందుకే నా మొహం ఎర్రగా నిగనిగలాడుద్ది. పెళ్ళికొడుకు కళ వచ్చిందని బజారంతా అంటున్నారు."

"అది కళ కాదు మామయ్యా, జబ్బు. రక్తం మరీ ఎక్కువై చిక్కబడింది."

"ఎక్కువుంటే జబ్బెట్లా అయిద్ది?"

"మన మిల్లులో పప్పెప్పుడు ఆడతారు?"

"ఆర్డరొస్తే. మన గుమాస్తా దానియేలు ఫోనెత్తి, ఆడండ్రా అని లోపలికి కేకేస్తాడు."

"ఈ జాక్ టూ కూడా అంతే. అదో ప్రొటీను. రక్తమంతా ఎముకల్లో మూలగలోనే తయారయ్యేది. రక్తం కావాలని కబురొస్తే, ఈ ప్రొటీను అందుకుని లోపలికి చెప్పాలి. మీ దాని రాతలో ఒక్క అక్షరం మారింది. కబురు రాకపోయినా ఆడండ్రా, ఆడండ్రా అంటానే ఉంది."

"దానియేలు అట్లాంటోడు కాదమ్మా."

"దానియేలు కాదు మామయ్యా!"

"పద్దెనిమిదేళ్ళ నుంచి చేస్తున్నాడు. ఒక్కసారి కూడా..."

"దానియేలు బంగారం! నేను చెప్తున్నది మీ ప్రొటీను గురించి."

"అయితే దాన్ని పీకేద్దాం."

"పీకటానికి లేదు. ఓ సీసా రక్తం తీస్తారు, కొన్నాళ్ళకు మళ్ళీ ఓ సీసా. గడ్డలు కట్టకుండా చిన్న మాత్ర. అవసరమైతే ఆ ప్రొటీను నోరు మూయించే మందు కూడా ఉంది. పట్టించుకుంటే ఏళ్ళకేళ్ళు బాగుంటారు. పట్టించుకోకపోతే రక్తం మెదడులో గడ్డకట్టుద్ది. ఇప్పుడు నిజం చెప్పండి. నీళ్ళు పడితే ఒళ్ళంతా దురదా?"

"ఎవరు చెప్పారు?"

"రిపోర్టే. ఈ జబ్బు లక్షణం అదే. ఒంట్లో కాపలా కణాలుంటయ్. ఆ ప్రొటీను వాటిక్కూడా పిచ్చెక్కిస్తది. నీళ్ళు తగిలితే చాలు, దొంగలు పడ్డారని గోల పెడతయ్. ఆ గోలే దురద."

"గోల కాదమ్మా, చీమల పుట్టలో కూర్చోబెట్టినట్టుంటది. గంటసేపు. ఎనిమిది సబ్బులు మార్చా, సున్నిపిండి రుద్దా, వేపాకు పోశా, ఇంక విసుగొచ్చి నీళ్ళే మానేశా. పాడు చర్మరోగం, ఎవరికన్నా అంటుకుంటదేమోనని ముందు గదిలో పడుకుంటున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది."

"అంటుకోదు మామయ్యా! అత్తయ్యకు చెప్పలేదా?"

"ఏమని చెప్పను? ఆదివారం నూటెనిమిది కలశాలంట. వచ్చినోళ్ళందరూ తలా ఒకటి నా నెత్తిన పోస్తారంట. వీడియో కూడానంట. పీటల మీద కూర్చుని కోతిలాగా గోక్కోనా? అందుకే షష్టిపూర్తి వద్దన్నా."

"ఏమని వద్దన్నారు?"

"ఈ వయసులో మళ్ళీ తాళేంది, ఒకసారి కట్టింది చాలదా అన్నా."

"మామయ్యా! అట్లా అన్నారా?"

"దురదని చెప్పలేక నోటికొచ్చింది అనేశా."

"ఏడాది నుంచి గది మారారు. పైగా తాళి కట్టనన్నారు. అత్తయ్య ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటది?"

"ఇంకెవరో ఉన్నారనుకుంటది!"

"కాంతం! నువ్వెప్పుడొచ్చావే?"

"పందొమ్మిదిన్నర దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నా. ఆవిడెవరోనని మీ ఫోను కూడా వెతికాను. అన్నీ కందిపప్పు ఫొటోలే. తలుపు తీయండి."

"ఉండు, తువ్వాలు కట్టుకోనీ."

"తడవని మనిషికి తువ్వాలెందుకు? తీయండి... అయ్యయ్యో, చొక్కా కూడా విప్పలా! రోజూ నేను కాచిన వేడినీళ్ళన్నీ బండలకా పోసేది?"

"కోపమొచ్చిందా కాంతం?"

"వెనక్కి తిరగండి. చొక్కా ఎత్తండి. ...వీపంతా రక్కుకున్న మచ్చలే! నాకు చెప్తే గోకేదాన్ని కదా!"

"అత్తయ్యా, మీరు కన్నీళ్ళు పెట్టుకోకండి. అన్ని కలశాలు అక్కర్లేదు, శాస్త్రి గారినడిగి మామయ్య మీద నాలుగు చుక్కలు చల్లిద్దాం. ఆదివారం తాళి కడితే చాలు."

"ఆదివారం లేదు బిందమ్మా."

"లేదంటే?"

"ఇష్టం లేని మనిషి చేత కట్టించుకునేదేందని, పొద్దున్నే శాస్త్రి గారికి ఫోన్ చేసి వద్దన్నా. ఆయన నకరికల్లులో గృహప్రవేశం ఒప్పేసుకున్నారు."

"నన్నొక మాటడక్కుండానా?"

"మీరు నాకొక మాట చెప్పారా?"

"బిందమ్మా, ఫోనియ్యి. ఇయ్యమ్మా ముందు! ...శాస్త్రి గారా? నేనండీ, పప్పు మిల్లు కామేశాన్ని. నకరికల్లు ఇల్లు సోమవారానికి కూడా అక్కడే ఉంటదండీ, ఇక్కడ నా పెళ్ళామే ఉండేట్టు లేదు! ...ఆ, కలశాల నీళ్ళేగా! నూటెనిమిది కాదు, సాగరు కాలువ మళ్ళించి పోసినా కూర్చుంటా, ఆదివారం మాత్రం నా పెళ్ళి చేయండి!"